‘మేడలు చంద్రుణ్ణి తాకుతున్నాయి’: అతిశయోక్తా, ఉత్ప్రేక్షా?

ప్రశ్న: ‘గచ్చిబౌలి మేడలు చంద్రుణ్ణి తాకుతున్నాయి’. దీన్ని కొందరు అతిశయోక్తి అలంకారం కాదు, ఉత్ప్రేక్షాలంకారం అంటున్నారు. డీఎస్సీకి చదివే పిల్లలకు తేడా ఎలా చెప్పాలండీ?

జవాబు: అతిశయోక్తేనండీ. ముందు క్రియను చూడమనండి. ‘తాకుతున్నాయి’ అని తేల్చేస్తే అతిశయోక్తి. ‘తాకుతున్నాయి కాబోలు’, ‘తాకుతున్నాయా అన్నట్టున్నాయి’ అంటే అది తన ఊహేనని చెప్పేవాడే ఒప్పుకున్నట్టు, కాబట్టి ఉత్ప్రేక్ష. ‘ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం’ అన్న నిర్వచనం ఒక్కటే పట్టుకుంటే తేడా దొరకదు, ఆ ఎక్కువ రెండింట్లోనూ ఉంటుంది.

ఇంకో జవాబు: ఇది సంబంధాతిశయోక్తి. లేని సంబంధాన్ని ఉన్నట్టు చెప్పడం. సంస్కృత అలంకార గ్రంథం కువలయానందంలో అప్పయ్య దీక్షితులు ఇచ్చిన ఉదాహరణ కూడా మేడల కొనలు చంద్రమండలాన్ని తాకడమే.

ప్రశ్న: ‘మా పొలంలో బంగారం పండింది’ రూపకం కాదా?

జవాబు: ‘ఆ పంట బంగారం’ అంటే రూపకం, పంట, బంగారం రెండూ కనిపిస్తున్నాయి. ఇక్కడ పంట అన్న మాటే లేదు, బంగారం దాన్ని మింగేసింది. రూపకాతిశయోక్తి. మింగినదేదో తెలిసే ఆనవాలు మాత్రం వాక్యంలో ఉండాలి. ‘పొలం’, ‘పండింది’ ఆ పని చేస్తున్నాయి. ‘రెండు నల్లకలువల నుంచి వాడి బాణాలు వస్తున్నాయి’ అంటే కళ్లు, చూపులు అని కవిసమయం, అంటే కవుల్లో స్థిరపడ్డ వాడుక, తెలిసినవాళ్లకే తడుతుంది, మిగతావాళ్లకు అది పొడుపుకథ.

ఇంకో జవాబు: నాకు అన్నిటికన్నా ఇష్టం చపలాతిశయోక్తి, అంటే కారణం ప్రస్తావనకు రాగానే ఫలితం వచ్చేసిందనడం. ప్రియుడు ‘వెళ్తాను’ అన్నాడు, ఆమె వేలి ఉంగరం చేతికి గాజైంది. అతను ఇంకా గడప దాటలేదు, విరహం మొదలే కాలేదు, అప్పుడే చెయ్యి వేలంత అయిపోయింది. ‘బాగా చిక్కిపోయింది’ అన్న మాట ఎక్కడా లేదు, కొలత ఉంది. ‘లక్షసార్లు చెప్పా’ లాంటివి అరిగిపోయింది ఇందుకే: అంకె పెద్దదే, కంటికి ఏమీ కనపడదు.

ప్రశ్న: ‘బిర్యానీ అన్న మాట వినగానే కడుపు నిండింది’?

జవాబు: చపలమే. కారణం మాటల్లోకి వచ్చిందంతే, ఫలితం వచ్చేసింది. ‘ముందు కడుపు నిండింది, తర్వాత బిర్యానీ తిన్నాడు’ అంటే అత్యంతాతిశయోక్తి. ‘ముద్ద నోట్లో పడటం, కడుపు నిండటం ఒక్కసారే’ అంటే అక్రమాతిశయోక్తి.