అమ్మ దాచిన మా చిన్నప్పటి బట్టలతో బొంత కుడదామంటే కత్తెర పెట్టడానికి చెయ్యి రావట్లేదు

ట్రంకుపెట్టె:
అందరికీ నమస్తే. అమ్మ పోయి ఏడాదైంది, మొన్న సంవత్సరీకం అయ్యాక రాజమండ్రి ఇల్లు సర్దుతుంటే అటక మీద ట్రంకుపెట్టె దొరికింది, తీసి చూస్తే అన్నీ నావీ చెల్లివీ చిన్నప్పటి బట్టలే. జుబ్బాలు, ఊలు స్వెట్టర్లు, కుచ్చుల గౌన్లు, స్కూలు యూనిఫాం, చెల్లి అన్నప్రాసనకి కట్టిన బుల్లి పట్టులంగా కూడా. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వీధిలోకొస్తే అమ్మ చీరలేసి గిన్నెలు తీసుకునేది, ఇవి మాత్రం ఎప్పుడూ బయటికి తియ్యలేదు, ఉన్నాయని మాకు చెప్పనూ లేదు.

చెల్లికి ఇప్పుడు ఏడో నెల. బారసాలకి వీటితో చిన్న బొంత కుట్టిద్దామని నా ఆశ, లోపల పొరగా అమ్మ కాటన్ చీర వెయ్యాలని. జాకెట్లు కుట్టుకోవడం వచ్చు, మిషనుంది, బొంత మాత్రం ఎప్పుడూ కుట్టలేదు. మా పిన్నేమో పసిగుడ్డుకి పాతబట్టలేంటే, కొత్తది కొను అంటోంది.

ఇంకోటి, నా గులాబీ పరికిణీ ఉంది. అమ్మ కింద మూడు టక్కులు వేసి కుట్టింది, నేను పొడుగవుతుంటే ఏడాదికొకటి విప్పేది. బట్టంతా వెలిసి తెల్లబడిపోయింది కానీ విప్పిన రెండు మడతల చోట ముదురు గులాబీ పట్టీలు కొత్తబట్టలా ఉన్నాయి, మూడోది విప్పనేలేదు, అమ్మ కుట్టు అలాగే ఉంది. దాన్నెలా కొయ్యను? చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

సూదీదారం:
అక్కా ముందు ఏదీ కొయ్యకు. ఒక్కోటి మంచం మీద పరిచి ముందూ వెనకా ఫోటో తీసుకో. తర్వాత కలరా ఉండల వాసన పోయేదాకా ఉతికి నీడలో ఆరెయ్యి, ఎరుపూ మెరూనూ విడిగా నానబెట్టి తడి తెల్లగుడ్డతో రుద్ది చూడు, రంగంటితే అది బొంతలోకి వద్దు, ఉప్పునీళ్ళలో వేస్తే రంగాగుతుందంటారు గానీ నమ్ముకోవద్దు.

సైజు 3 అడుగులు బై 4 అడుగులు చాలు. 6 అంగుళాల గళ్ళయితే అడ్డం 6, నిలువు 8, మొత్తం 48 ముక్కలు. చుట్టూ పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి ఆరున్నర కొయ్యాలి. అట్టముక్క ఒకటి ఆరున్నరకి కోసి పెట్టుకుని దాంతోనే అన్నీ గీసుకో, లేకపోతే చివరికి వరసలు కలవవు. టీషర్టు, బనీను బట్ట సాగుతుంది, వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ చేస్తే అతుక్కునే గట్టి గుడ్డ) అతికించాకే కొయ్యాలి. జుబ్బాలో ఒక ముక్క కూడా సరిగ్గా రాదు, దాన్ని కొయ్యకుండా జుబ్బాగానే తెల్లబట్ట మీద పెట్టి చుట్టూ కుట్టెయ్యి.

కొయ్యడం మాత్రం నీ చేత్తోనే చెయ్యి. నేను మా బాబు బట్టలు ఒక టైలర్‌కిచ్చాను, ముక్కలు చక్కగానే కోశాడు కానీ నేను బాతుబొమ్మ కుట్టిన జేబు వేస్టులో పడేశాడు, నాలుగేళ్ళయినా అది మర్చిపోలేకపోతున్నా.

డల్లాస్ నుంచి:
మా పాపకి స్కూల్ టీషర్టులతో కుట్టాను, ఇక్కడ అది బాగా అలవాటు. పట్టులంగా ఇందులో కలపకండి, పాత జరీ మడతల దగ్గర విరిగిపోతుంది, ఉతికే వస్తువులో నిలవదు. బొత్తాలు, హుక్కులు, చమ్కీలు అన్నీ పీకెయ్యండి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఇంకొక ముఖ్యమైన మాట, ఏడాది నిండేదాకా నిద్రపోయే బిడ్డకి దుప్పట్లూ బొంతలూ కప్పొద్దని ఇక్కడి డాక్టర్లు గట్టిగా చెప్తారు. మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి, మనిషి పక్కనుండి బోర్లా పడుకోబెట్టి ఆడించుకోడానికి వాడండి.

కరీంనగర్ బొంత:
మీ పిన్ని మాట పట్టించుకోకు బిడ్డా. పుట్టిన పిల్లకు ముందుగాల పొత్తిగుడ్డలే గదా, అవి పాత చీరెల మెత్తటి ముక్కలే. కొత్తబట్ట గరుకుంటది. మా నాయనమ్మ నాలుగు పాతచీరెలు పరిచి, ముందు చుట్టూ పెద్ద టాకాలేసి కదలకుండ చేసి, పెద్ద సూదితోని వరుసకు కుట్టేది, కుట్టుకూ కుట్టుకూ రెండు వేళ్ళ సందు. దూది వెయ్యద్దు, ఉతుకుతె ఉండ కడతది. మీ అమ్మ చీరె రెండు మడతలేస్తె చాలు.

పరికిణీ ముక్కలెందుకు చేస్తవు? కింది అంచు టక్కులతోని ఒక్కటే పట్టీగ తీసి బొంతకు అంచు కుట్టు.

హుబ్లీ వాళ్ళు:
అంచు ఐడియా చాలా బాగుంది. మేమున్న వైపు యల్లాపూర్, హళియాళ్ సిద్ది ఆడవాళ్ళు (పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి) పాతబట్టలతో కవంది అనే బొంత కుడతారు, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకొస్తారు, నాలుగు మూలలా బట్టని త్రికోణంగా మడిచి పెడతారు, వాటిని పువ్వులంటారు. కొలతలుండవు, చేతికొచ్చిన ముక్క పక్కన ముక్క. మీ దగ్గర మిగిలే చిన్నముక్కలు అలా మూలల్లో పెట్టండి.

ట్రంకుపెట్టె:
అందరికీ చేతులెత్తి దండం. పరికిణీ అంచు కొలిచా, 100 అంగుళాలుంది, 48 చొప్పున పొడుగువైపులు రెంటికీ సరిపోతుంది. నడుం వైపే కోశాను, టక్కు విప్పలేదు.

నిన్న పిన్ని వచ్చింది. పొత్తిగుడ్డల మాట చదివి వినిపిస్తే ఏం మాట్లాడలేదు, పెట్టె ముందు కూర్చుని ఒక్కోటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అందులో తెల్లజుబ్బా తను కుట్టిందేనట, నేను పుట్టినప్పుడు. తాళ్ళు పెట్టమంటే బొత్తాం పెట్టిందని అమ్మమ్మ కోప్పడిందట. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టమంది. బొత్తాం తీసెయ్యాలి పిన్నీ అంటే తనే దారం తెంపి తీసి, కొంగున ముడేసుకుంది.