బాగా నడుస్తున్న సిస్టమ్‌ని ఇప్పుడే అప్‌గ్రేడ్ చేయాలా?

వెన్నెలవాకిలి
నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 ఉంది. దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి నా మెషీన్ సరిపోతుందని చూపిస్తోంది, ఎక్కించుకోమని రోజూ అడుగుతోంది. నేను అనువాదాలు చేస్తాను. సగం అయిన పుస్తకం చేతిలో ఉంది. ఫాంట్లు, కీబోర్డ్ లేఅవుట్ అన్నీ చేతికి అలవాటయ్యాయి, ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడే కదపాలా, పుస్తకం అయ్యేదాకా ఆగొచ్చా?

గుడ్లగూబ
ముందు బ్యాకప్ ఉందో లేదో చెప్పండి.

తాళంచెవి
ఆగకండి. ఏ ఇబ్బందీ లేదనుకున్నవాళ్లే దెబ్బతింటారు. వానాక్రై గుర్తుందా, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగిన వైరస్? అది విండోస్‌లోకి దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్, అంటే సరిచేసే అప్‌డేట్, 2017 మార్చి 14న వచ్చింది. దాడి మొదలైంది మే 12న. మధ్యలో 59 రోజులు. వేసుకోవడానికి అంత గడువు ఉన్నా వేసుకోని మెషీన్లు దొరికిపోయాయి. బ్రిటన్ ఆసుపత్రుల్లో రోగులకిచ్చిన అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి.

ఇంకోటి చాలామంది ఆలోచించరు. ప్యాచ్ విడుదలైన వెంటనే దాడి చేసేవాళ్లు పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో వెతుకుతారు. మారిన చోటే కన్నం ఉన్నట్టు. అంటే ప్యాచ్ వచ్చిన రోజు నుంచీ వేసుకోనివాళ్లకి ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

స్వరజతి
వానాక్రై ఎక్స్‌పీ అనే పాత విండోస్ పట్టుకుని వేలాడినవాళ్ల గొడవ. ఎక్స్‌పీ సపోర్ట్ 2014 ఏప్రిల్‌లోనే పోయింది. దానికీ ఈవిడ ప్రశ్నకీ ఏం సంబంధం?

వెంటనే ఎక్కించుకున్నవాళ్లకి ఏమైందో కూడా చెప్పండి. విండోస్ 10 1809 వెర్షన్ 2018 అక్టోబర్ 2న వదిలారు. కొందరి డాక్యుమెంట్ల ఫోల్డర్లలో ఫైళ్లు ఎగిరిపోయాయి. నాలుగు రోజులకే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి, సరిచేసి మళ్లీ వదిలింది నవంబర్ 13న. మొదటిరోజు ఎగబడనివాళ్లు తమ ఫైళ్లతో హాయిగా ఉన్నారు. సగం పుస్తకం చేతిలో పెట్టుకున్న మనిషిని తొందరపెట్టకండి.

తాళంచెవి
ఎక్స్‌పీ కాదండీ. దెబ్బతిన్నవాటిలో దాదాపు 98 శాతం విండోస్ 7 అని యాంటీవైరస్ కంపెనీ కాస్పర్‌స్కీ లెక్క. విండోస్ 7కి 2020 జనవరి 14 దాకా సపోర్ట్ ఉంది. అంటే ప్యాచ్ అందింది, వేసుకోలేదు. నేను చెప్పేది అదే.

స్వరజతి
7 అయితే మాత్రం? ఎక్స్‌పీకి కూడా ఆ రోజుల్లో ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చారు కదా, అంటే ఎక్స్‌పీకీ ముప్పు ఉన్నట్టే.

తాళంచెవి
ముప్పు ఉండటం వేరు, అంటుకోవడం వేరు. తప్పు చెప్పారు, ఒప్పుకోండి.

పచ్చతోరణం
వెన్నెలవాకిలి గారు అడిగింది ఇది కాదు.

నారుమడి
మీరిద్దరూ రెండు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. తాళంచెవి గారు చెబుతున్నది నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్ల గురించి. స్వరజతి గారు చెబుతున్నది వెర్షన్ అప్‌గ్రేడ్ గురించి. విండోస్‌కి బదులు వాడే ఉబుంటు లినక్స్‌లో ఈ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. భద్రతా ప్యాచ్‌లు వాటంతట అవే పడిపోతుంటాయి. ఒక ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) నుంచి తరువాతి ఎల్‌టీఎస్‌కి వెళ్లమని మాత్రం దాని మొదటి పాయింట్ రిలీజ్, అంటే తప్పులు సరిదిద్దిన విడుదల, వచ్చేదాకా అడగదు. 24.04 అనే ఎల్‌టీఎస్ వచ్చింది 2024 ఏప్రిల్ 25న, 24.04.1 వచ్చింది ఆగస్టు 29న. తయారుచేసినవాళ్లే నాలుగు నెలలు ఆగారు.

విండోస్ 10లో ఉన్నవాళ్లు కూడా అదనపు భద్రతా అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. ఆగాలంటే అలా ఆగండి, ఊరికే కాదు.

వెన్నెలవాకిలి
ఈ రెండూ వేరని నాకు తెలియదు. అన్నిటికీ ఒకే కిటికీలో ఒకే రకంగా అడుగుతుంటే ఎలా తెలుస్తుంది?

స్వరజతి
అదే నా బాధ కూడా. ఒకే బటన్ కింద భద్రతా ప్యాచ్‌లూ పెడతారు, ఎవరూ అడగని కొత్త మార్పులూ పెడతారు. వద్దంటే రెండూ వద్దన్నట్టు.

తాళంచెవి
మీలాంటివాళ్లు ఈ మాట చెప్పీ చెప్పీ జనం అన్నీ ఆపేసి కూర్చుంటున్నారు. నేను ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ప్యాచ్‌లు వేద్దాం, ఒక సాయంత్రం ఇవ్వండి అని మూడుసార్లు రాతపూర్వకంగా అడిగాను. "ఈ వారం పని ఉంది, వచ్చేవారం" అన్నారు మూడుసార్లూ. నాలుగు నెలలు గడిచాయి. ఒక ఉదయం అన్ని స్క్రీన్ల మీదా డబ్బు కట్టమనే నోటీసు. ఎవరి ఉద్యోగం పోయిందో చెప్పాలా? వచ్చేవారం అన్నవాళ్లది కాదు. అందుకే నాకు "తర్వాత" అనే బటన్ కనిపిస్తే ఒళ్లు మండుతుంది.

గుడ్లగూబ
బ్యాకప్ లేదా ఆ ఆఫీసులో?

తాళంచెవి
ఉంది. ఎప్పుడూ ప్లగ్ చేసి ఉంచిన డ్రైవ్‌లో. ఆ వైరస్ దాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసేసింది, తెరవకుండా తాళం వేసేసింది.

స్వరజతి
మీకు జరిగింది అన్యాయం. కానీ నా మాటా వినండి. ఏ సిస్టమో చెప్పను, చెబితే చర్చ దాని మీదికి పోతుంది. మా నాన్నగారి గొంతున్న టేపు ఒక్కటే మిగిలింది. ఎప్పటిదో పాతది. ఒక్కసారి వేస్తే చాలు, కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచుకుందామని రాత్రి మొదలుపెట్టి పక్కగదికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది. అప్‌డేట్ అట. రికార్డింగ్ ఫైలు సగంలో తెగిపోయింది, తెరుచుకోలేదు. టేపు రెండోసారి వేస్తే పూత పొడిలా రాలిపోయింది. మొదటి పది నిమిషాలు తప్ప ఇంకేమీ రాలేదు. నా అనుమతి లేకుండా నా ఇంట్లో నా మెషీన్‌ని ఎవరో ఆపేశారు. నేను ఎప్పుడు పని చేస్తానో నిర్ణయించడానికి వాళ్లెవరు?

పచ్చతోరణం
చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

తాళంచెవి
టేపు సంగతి విని బాధేసింది, నిజంగా. యాక్టివ్ అవర్స్ అనే సెట్టింగ్‌లో 18 గంటల దాకా రీస్టార్ట్ కాకుండా పెట్టుకోవచ్చు. అది చాలామందికి తెలియదు.

స్వరజతి
మిగిలిన ఆరు గంటలు ఎవరివి? మా పనంతా రాత్రే, చుట్టూ శబ్దం ఉండదు కాబట్టి. నాకు 24 గంటలూ కావాలి. ఇది సెట్టింగ్ గొడవ కాదండీ. మెషీన్ నాది, నిర్ణయం నాది. మీరు దాన్ని ఒప్పుకోవడం లేదు.

తాళంచెవి
అవును, ఒప్పుకోను. ఇప్పుడు అసలు మాట చెప్తాను. నెట్‌కి కలిపిన మెషీన్ మీ ఒక్కరిదే కాదు. వానాక్రై ఎవరో ఏదో క్లిక్ చేస్తేనే వచ్చేది కాదు, ఒక మెషీన్ నుంచి పక్క మెషీన్‌కి తనంతట తనే పాకింది. ప్యాచ్ వేయని ఒక్క కంప్యూటర్ చాలు. ఎవరికి వారిని ఎంచుకోమంటే ఎవరూ ఇవాళ వేయరు. నేను కళ్లారా చూశాను. అందుకే భద్రతా ప్యాచ్‌లు వాటంతట అవే పడాలి. అడగకుండానే.

స్వరజతి
అడగకుండానే అన్న ఆ ఒక్క మాట దగ్గరే నేను మీతో రాలేను. ముందురోజు చెప్పండి, గంట ముందు చెప్పండి, గట్టిగా చెప్పండి. రికార్డింగ్ నడుస్తుంటే మాత్రం ఆగాలి. నా రికార్డింగ్ మెషీన్‌ని ఇప్పుడు నెట్‌కి కలపనే కలపను. ఫైళ్లు డ్రైవ్‌లో మోసుకెళ్తాను.

తాళంచెవి
కలపకపోతే నాకు అభ్యంతరం లేదు. ఆ డ్రైవ్‌ని పెట్టే రెండో మెషీన్ మాత్రం ప్యాచ్‌లతో ఉండాలి.

స్వరజతి
ఉంది. దానికి శనివారం రాత్రి నేనే వేస్తాను. నేను కూర్చుని ఉన్నప్పుడు.

నారుమడి
వెన్నెలవాకిలి గారూ, 11కి వెళ్లాక నచ్చకపోతే 10 రోజుల్లోపు వెనక్కి రావచ్చు. కానీ దాన్ని బ్యాకప్ అనుకోకండి. ఆ మధ్యలో రాసిన పేజీలు విడిగా దాచుకోండి.

వెన్నెలవాకిలి
ఇప్పుడే అదనపు అప్‌డేట్లకి నమోదు చేసుకున్నాను. పుస్తకం రెండు డ్రైవ్‌లలోకి కాపీ చేశాను, ఒకటి తీసి బీరువాలో పెట్టాను. ఒక అధ్యాయం కాపీ నుంచి తెరిచి చూశాను, ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే ఉన్నాయి. 11కి పుస్తకం ఇచ్చేశాకే వెళ్తాను. నా పాత కీబోర్డ్ లేఅవుట్ 11లో వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చిందో లేదో చెప్పండి.