మా మిద్దె పైపోర్షన్ శ్రీలంక శరణార్థికి అద్దెకు ఇయ్యొచ్చునా? (సత్యవేడు)

సత్యవేడు మిద్దె | శనివారం రాత్రి 8:40
అన్నలకు, అక్కలకు నమస్కారం. సత్యవేడులో మాకు మిద్దె ఇల్లు. కింద మేము, పైన ఒక పోర్షన్. ఆరేండ్లుగా మా ఇంటికి పెయింట్ కొట్టే అబ్బాయి ఆ పోర్షన్ అడగతా ఉండాడు. 1996లో తమిళనాడు గుమ్మిడిపూండి శరణార్థుల క్యాంపులో పుట్టినాడు. అమ్మానాయన 1990లో పడవలో రామేశ్వరం పక్క దిగి, మండపం క్యాంపు మీదుగా ఆడికి చేరినోళ్లు. ఇప్పుడు భార్య, మూడేండ్ల పాప. శ్రీసిటీ పక్క పనులు ఎక్కువ దొరకతాయి, రోజూ తిరగలేనంటాడు.

ఇస్తానని మాట ఇచ్చేసినా. అప్పటి నుంచి వీధిలో గోల. పక్కింటాయన 2025 మే నెలలో సుప్రీంకోర్టు అన్న మాట ఎత్తతా ఉండాడు. నన్ను వెనక్కి పంపొద్దని ఒక శ్రీలంక తమిళుడు పిటిషన్ వేస్తే, లోకంలో శరణార్థులందరినీ పెట్టుకునేదానికి ఈ దేశం ధర్మశాల కాదని జడ్జి అన్నాడు గదా, నువ్వెవరు సత్రం తెరిచేదానికి అంటాడు. ఇయ్యల్లా, వద్దా? తెలిసినోళ్లు చెప్పండి.

లాడ్జి తిరుపతి | రాత్రి 9:05
ఇయ్యొద్దు. మనిషి చెడ్డోడని కాదు. ఫారం సి అని మేము పిలిచే కాగితం ఒకటి ఉంది. విదేశీయుడు మన కప్పు కింద పడుకుంటే 24 గంటల్లోపల తెలియజేయల్ల. లాడ్జి అయినా, సొంత ఇల్లయినా అదే లెక్క. కొన్నేండ్ల కింద మా లాడ్జిలో ఒక విదేశీ జంట ఒక్క రాత్రి దిగింది. కౌంటర్లో అబ్బాయి ఆ వివరం ఎక్కించడం మరిచిపోయినాడు. దిగినోళ్లు దర్శనం చేసుకొని పొయినారు. నేను రెండు రోజులు స్టేషన్ బెంచీ మీద కూర్చున్నా. మా అమ్మకు ఆపరేషన్ రోజు అది. ఆ మనిషిని నమ్ముతావా అని నన్ను ఎవరూ అడగలేదు, ఫారం ఏదని అడిగినారు.

రేణిగుంట రైలు | రాత్రి 9:11
ఆధార్ ఉంటే సరిపోదా అన్నా? క్యాంపు వాళ్లకు ఆధార్ ఉంటుంది గదా.

లాడ్జి తిరుపతి | రాత్రి 9:14
ఆధార్ నివాసానికి రుజువు, పౌరసత్వానికి కాదు. ఆధార్ ఉన్నా విదేశీయుడు విదేశీయుడే.

వాణి టీచర్, నగరి | రాత్రి 9:52
లాడ్జి గారూ, మీకు జరిగింది బాధాకరమే. కానీ ఒక రాత్రి దిగిపోయే టూరిస్టునీ, ఈ గడ్డ మీద పుట్టి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నవాడినీ ఒకే గాటన కట్టడం నాకు మింగుడు పడటం లేదు. తమిళనాడు సరిహద్దు అవతల తమిళ మీడియం బడిలో పదకొండేళ్లు పనిచేశాను. క్యాంపు పిల్లలు ప్రతి సంవత్సరం నా తరగతిలో ఉండేవాళ్లు. ఒక అమ్మాయి డాక్టర్ అవుతానని రాత్రింబగళ్లు చదివింది. చివరికి పౌరసత్వం దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నా దగ్గరకొచ్చి అడిగిన ప్రశ్న: "మిస్, నేను శ్రీలంక ఎప్పుడూ చూడలేదు, నేను అక్కడిదాన్ని ఎట్లా అవుతాను?"

చట్టం ఏమంటుందో చెబుతాను. 1987 జులై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవారు పుట్టుకతోనే పౌరులు. ఆ తర్వాత పుడితే తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలి. 2004 డిసెంబర్ నుంచి ఇంకా బిగించారు. ఈ అబ్బాయి 1996 అంటున్నారు. తొమ్మిదేళ్ల తేడాతో పరాయివాడయ్యాడు. 2019 పౌరసత్వ సవరణలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ముస్లిమేతరులకు దారి పెట్టారు, శ్రీలంక పేరే లేదు. ఈ అబ్బాయి అమ్మానాన్నలు చేసిన తప్పేమిటి? వచ్చింది సముద్రం మీద నుంచి అనేనా?

పుత్తూరు వాసి | రాత్రి 10:20
మేడం, మీది మంచి మనసు. నాది పుత్తూరు. 2013 అక్టోబర్‌లో మా ఊరి వీధిలో అద్దె ఇంట్లో టెర్రరిస్టులు దాక్కున్నది మరిచిపొయినారా? తమిళనాడు పోలీసులు, ఆక్టోపస్ కమాండోలు వచ్చి ఇల్లు చుట్టుముట్టినారు. గంటల తరబడి ఊరంతా తలుపులు మూసుకొని కూర్చున్యాం. నా బిడ్డకప్పుడు నాలుగేండ్లు. తుపాకి శబ్దం వింటే ఇప్పటికీ ఉలికిపడతాది. ఆ ఇల్లు అద్దెకిచ్చినాయన కూడా "మంచోళ్లు అనుకున్నా" అనే అన్నాడు.

వాణి టీచర్, నగరి | రాత్రి 10:31
పుత్తూరులో దొరికినవాళ్లు భారతీయులే కదా అన్నా. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో మందుపాతర పేల్చింది కూడా మన భాష మాట్లాడేవాళ్లే. ఇందులో శరణార్థి ఎక్కడున్నాడు?

పుత్తూరు వాసి | రాత్రి 10:33
అద్దె ఇల్లు ఉంది గదా మేడం. నేను చెప్పేది అద్దె ఇంటి గురించి.

పలమనేరు | రాత్రి 10:47
ఒక మాట. వెల్లూరులో పాలారు పక్క ఒక మంటపం ఉంది. క్యాండీ ఆఖరి రాజు శ్రీవిక్రమ రాజసింహ సమాధి. 1815లో బ్రిటిషోళ్లు రాజ్యం లాక్కొని ఆయన్ను వెల్లూరు కోటలో పెట్టినారు, 1832లో ఆడే పొయినాడు. నాయక వంశం ఆయనది. లంకకూ మనకూ ఈ రాకపోకలు ఇయ్యాళ మొదలైనవి కాదు.

బంగారుపాళ్యం | రాత్రి 11:10
రాజుల కథ చెప్పినారు. అదే వెల్లూరు కోట గురించి ఇంకొకటి చెప్తా. 1995 ఆగస్టులో ఆ కోటలో పెట్టిన శ్రీలంక తమిళ మిలిటెంట్లు, ఎల్‌టీటీఈ వాళ్లు 40 మందికి పైగా సొరంగం తవ్వి పారిపొయినారు. చిత్తూరు నుంచి ఎంత దూరమబ్బా అది? ఆ వారమంతా మా రోడ్డు మీద బస్సులు ఆపి సోదా చేసినారు. దానికి నాలుగేండ్ల ముందు, 1991 మే 21న, శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య. బెంగళూరు రోడ్డు మీద ఆ ఊరి గుండా పోతే ఇప్పటికీ మా అమ్మ కిటికీ పక్కకు తిరగదు. ఇన్ని జరిగినాక ఇంకా "పాపం పిల్లోళ్లు" అంటారా?

వాణి టీచర్, నగరి | రాత్రి 11:24
శ్రీపెరంబుదూరు చేసింది ఎల్‌టీటీఈ. దానికి శిక్ష పడింది క్యాంపుల్లో ఉన్నవాళ్లకు. పిల్లల పైచదువుల సీట్లు ఆగిపోయాయి. 1992 నుంచి ఓడలెక్కించి వెనక్కి పంపడం మొదలుపెట్టారు. ఎల్‌టీటీఈకి భయపడి పారిపోయి వచ్చిన వాళ్లు కూడా వీళ్లలో ఉన్నారు. 1990లో ఇంకో శ్రీలంక తమిళ సంస్థ నాయకుడు పద్మనాభను మద్రాసు నడిబొడ్డున చంపింది ఎవరు? తమిళుడిని తమిళుడే చంపాడు. శరణార్థినీ, వాడిని తరిమినవాడినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు మీరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 1983 జులైలో కొలంబోలో తమిళుల ఇళ్లు తగలబెట్టిన తర్వాత మిలిటెంట్లకు శిక్షణ ఇచ్చిందీ, తుపాకులిచ్చిందీ మన దేశమే. తమిళనాడులోనే క్యాంపులు నడిచాయి. మనం పెంచిన నిప్పు మన కొంగుకే అంటుకుంటే, ఆ మంటలో ఇల్లు పోగొట్టుకున్నవాడిని తప్పుపట్టడం న్యాయమా?

శ్రీకాళహస్తి | రాత్రి 11:30
హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాల సంగతేంది మరి? వాళ్లకూ ఇల్లు ఇస్తారా?

నిర్వాహకుడు | రాత్రి 11:34
రోహింగ్యాల మీద వేరే చర్చ నడుస్తా ఉంది, ఆడికి పోండి. ఈడ సత్యవేడు అన్న ఇంటి గురించే మాట్లాడల్ల.

విశాఖ నుంచి తిరుపతి | ఆదివారం ఉదయం 6:50
మా తాత 1942లో బర్మా నుంచి నడిచి వచ్చాడు. రంగూన్ రేవులో కూలీ. జపాన్ బాంబులు పడ్డాక అడవుల్లో, కొండల్లో వారాల తరబడి నడక. వెంట వచ్చిన ఇద్దరు తమ్ముళ్లు దారిలోనే పోయారు. విశాఖలో బర్మా క్యాంపు అంటే ఇప్పటికీ ఒక పేటే. మనవాళ్లు పరాయి ఊళ్ల నుంచి తరిమేస్తే వచ్చినప్పుడు ఎవరో ఒకరు గుడిసెకి జాగా ఇచ్చారు. అది మరిచిపోకూడదు.

లాడ్జి తిరుపతి | ఉదయం 7:15
మీ తాత మన దేశానికే తిరిగొచ్చినాడు. అది వేరే. మళ్లీ చెప్తా ఉండా, ఫారం సి గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

వాణి టీచర్, నగరి | ఉదయం 7:40
మీ ఫారం సి తప్ప మీకు మనుషులు కనపడరా అండీ? తిరుపతిలో కూర్చుని సత్రాల మీద బతికే ఊరివాళ్లు మీరు. కొండకు వచ్చే ప్రతి మనిషికీ అన్నం పెట్టే ఊరు. ఆ ఊరివాడు "కప్పు కింద ఎవర్నీ పడుకోబెట్టొద్దు" అంటుంటే సిగ్గుగా ఉంది.

లాడ్జి తిరుపతి | ఉదయం 7:44
సిగ్గు అనే మాట వెనక్కి తీసుకోండి. స్టేషన్ బెంచీ మీద కూర్చుండింది నేను, మీరు కాదు. జాలి చూపించేది మీరు, కేసు మోసేది ఇంటాయన. ఈ దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకమే పెట్టలేదు. శరణార్థి అనే మాటకు చట్టమే లేదు. ఉన్నదల్లా విదేశీయుల చట్టం. అది సరిగ్గా లేదనుకుంటే మార్చమని ఢిల్లీలో అడగండి. సత్యవేడులో ఒక ముసలి ఇంటాయన నెత్తిన పెట్టొద్దండి.

బంగారుపాళ్యం | ఉదయం 8:02
మేడం, మనం పెంచిన నిప్పు అన్నారు గదా. ఆ నిప్పు ఆర్పేదానికి ఎవర్ని పంపించినారో కూడా చెప్పండి. మా నాయన మద్రాస్ రెజిమెంట్. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, అప్పటి శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు పెట్టినారు, ఆయన్ను జాఫ్నా పంపించినారు. శాంతి కాపాడేదానికి పోతా ఉండామని చెప్పి పంపితే, అక్టోబర్‌కంతా యుద్ధం. కాలు మందుపాతరలో పోయింది. కాపాడేదానికి పోయిన వాళ్లలో దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. 1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగితే అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. మా నాయన రైలు దిగి కట్టెతో చిత్తూరు ప్లాట్‌ఫారం మీద నడస్తా ఉంటే ఒక్కడు మంచినీళ్లు ఇయ్యలేదు. ఇంటికొచ్చినాక మా పెద్దనాయనోళ్లు అడిగిందేమంటే, నువ్వు తమిళోళ్లను చంపేదానికి పొయినావంట గదా అని.

మీరు క్యాంపు పిల్లోళ్ల కోసం ఏడస్తా ఉండారు. ఏడవండి. మా ఇంట్లో ఏడ్చింది ఎవరికి పట్టింది?

వాణి టీచర్, నగరి | ఉదయం 8:30
మీరు ఇది నిన్నే చెప్పి ఉంటే నేను అలా రాసేదాన్ని కాదు. నాకు తెలియదు. లాడ్జి గారూ, సిగ్గు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, తప్పే.

కానీ తమ్ముడూ, ఒక్కటి అడగనివ్వండి. మీ నాన్నగారి కాలు తీసినవాళ్ల చేతుల్లోంచి పారిపోయి వచ్చినవాళ్లు ఈ అబ్బాయి అమ్మానాన్నలు. మీ కోపం ఆ అబ్బాయి మీదా, ఇద్దరినీ వాడుకొని వదిలేసినవాళ్ల మీదా?

బంగారుపాళ్యం | ఉదయం 9:15
ఆ అబ్బాయి మీద లేదు. నిజం చెప్తా. ఇల్లు ఇయ్యడం మీద కూడా లేదు. వాళ్ల క్యాంపులకు 2021లో పునరావాస క్యాంపులని పేరు మార్చినారు, ఇండ్లు కట్టిస్తామని కోట్లు ప్రకటించినారు. మంచిదే. ఆ యుద్ధంలో పోయిన మనోళ్లకు కొలంబో పక్కన స్తూపం కట్టినారు, వాళ్ల గడ్డ మీద. మా మండలంలో ఆ పేర్లు ఎవరికీ తెలియవు. అదే నా మంట. శరణార్థి గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు అదే గుర్తొస్తాది.

పుత్తూరు వాసి | ఉదయం 9:22
మీ నాయనకు నా దండం చెప్పన్నా.

లాడ్జి తిరుపతి | ఉదయం 10:05
సత్యవేడు అన్నా, ఇంక పని మాట. 2025 సెప్టెంబర్‌లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. 2015 జనవరి 9 లోపల వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్ట్, వీసా లేవనే శిక్షలుండవు. అంటే వాళ్లుండటం నేరం కాదు. పౌరసత్వం మాత్రం రాదు. ఇస్తానని మాటిచ్చినావు కాబట్టి ఇయ్యి, కానీ చాటుగా వద్దు. క్యాంపు కార్డు, ఆధార్, క్యాంపు బయట ఉండేదానికి అనుమతి కాగితం, మూడూ తీసుకో. అద్దె అగ్రిమెంట్ రాయించు. అబ్బాయిని వెంటబెట్టుకొని స్టేషన్‌కు పోయి చెప్పి, ఇచ్చినట్టు సంతకం తీసుకో. సంతకం లేని కాగితం కాగితం కాదు. నేను నేర్చుకున్నదది.

సత్యవేడు మిద్దె | సోమవారం సాయంత్రం 6:30
పొయినాం. అనుమతి కాగితం ఇంకా రాలేదు, వాళ్ల క్యాంపులో అర్జీ పెట్టినాడు. వచ్చినాకే చేరతాడు. అంతవరకు పోర్షన్ ఎవరికీ ఇయ్యను. పక్కింటాయన మాట్లాడటం లేదు.

బంగారుపాళ్యం అన్నా, మీ నాయన సంగతి అబ్బాయికి చెప్పినా. వాళ్లది మన్నార్ పక్కన పల్లె అంట. చానాసేపు బ్రష్ పట్టుకొని నిలబడినాడు. తర్వాత వాళ్ల నాయనకు ఫోన్ చేసి, జాఫ్నాలో మద్రాస్ రెజిమెంట్ ఏ పక్క ఉండిందని అడిగినాడు.

బంగారుపాళ్యం | సాయంత్రం 7:12
ఏమన్నాడంట వాళ్ల నాయన?

సత్యవేడు మిద్దె | సాయంత్రం 7:20
తెలవదన్నాడంట. ఆ రోజుల్లో రాత్రుళ్లు బూట్ల శబ్దం వినపడితే ఎవరి బూట్లని చూసేదానికి ఎవరూ బయటికి రాలేదంట.