అప్‌డేట్: జడ్జీలు మధ్యలో ప్రశ్న వేస్తే పిల్లలు బిగుసుకుపోతున్నారు (పరిష్కారం దొరికింది)

మునగ గింజల పొడితో బురదనీటిని తేర్చే ప్రాజెక్టు చేసిన మా తొమ్మిదో తరగతి పిల్లలు బట్టీపట్టింది గడగడా చెప్పేసి, మధ్యలో ప్రశ్న పడితే ఆగిపోతున్నారని అడిగాను కదా. విశాఖ జిల్లా సైన్స్ ఫెయిర్ అయిపోయింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

బాగా పనిచేసింది "స్క్రిప్టు తీసేయండి, సబ్జెక్టు తెలియనివాళ్ల ముందు నిలబెట్టండి" అన్న మాట. తెలుగు మాస్టారికీ, మధ్యాహ్న భోజనం వండే అక్కకీ చెప్పించాను. అసలు ప్రశ్న ఆ అక్కే అడిగింది: "ఊరికే వదిలేసినా బురద అడుక్కి దిగుద్ది కదమ్మా, మీ పొడి గొప్పేటి?" పొడి వెయ్యని గ్లాసు పక్కన ఎందుకు పెట్టాలో పిల్లలకి అప్పుడు నిజంగా ఎక్కింది.

ఫెయిర్‌లో జడ్జిగారూ దాదాపు అదే అడిగారు. జట్టులో ఒకమ్మాయి రెండు గ్లాసులూ వెలుతురుకి ఎత్తి చూపించి, గింజల్లోని ప్రోటీన్‌కి ధనావేశం, మట్టి రేణువులకి ఋణావేశం, అందుకే ముద్దకట్టి త్వరగా దిగుతాయంది. "మరి తాగొచ్చా?" అంటే, "తేటగా ఉన్నంత మాత్రాన సూక్ష్మజీవులు లేవని కాదండి. మేం అది పరీక్షించలేదు, కాచే తాగాలి" అంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంగ్లీషులో చెప్పలేరని, లైట్లు వెలిగే మోడల్ లేదని నేను పడ్డ బెంగ అనవసరం. తెలుగులో చెప్తే ఎవరూ ఏమీ అనలేదు. జడ్జీలు చార్టు కంటే, పిల్లలు ప్రయోగం చేస్తూ రాసుకున్న, కొట్టివేతలున్న లాగ్ పుస్తకాన్నే ఎక్కువసేపు తిరగేశారు. దాన్ని నీట్‌గా తిరగరాయించకుండా అలాగే తీసుకెళ్లండి. హాల్లో గోల కూడా చాలా ఎక్కువ, కాబట్టి ప్రాక్టీసు ఇంటర్వెల్ టైములో వరండాలో పెట్టించండి.