బహ్రెయిన్‌లో ఇళ్లలో పనిచేసే తెలుగు సోదరీమణులకు ప్రార్థన వేళ ఎలా కుదర్చాలి?

మనామాలో ఒక చర్చి ఆవరణలోని గదిలో ప్రతి శుక్రవారం ఉదయం 9 నుండి 10.30 వరకు తెలుగులో ప్రార్థన జరుపుకుంటున్నాము. శామ్యూల్ జ్వెమర్ వంటి మిషనరీలు వచ్చిన 1890ల నుండి ఈ ఊరిలో క్రైస్తవ ఆరాధన ఉన్నది గనుక స్థలానికి ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా వేళతోనే. కడప, గోదావరి జిల్లాల నుండి వచ్చి ఇళ్లలో పనిచేస్తున్న పదకొండు మందికి శుక్రవారమే పని ఎక్కువ. జుమా నమాజు ముగిసేసరికి యజమాని బంధువులంతా భోజనానికి చేరతారు కాబట్టి, వీరు తెల్లవారుజాము నుండి వంటింట్లోనే ఉంటారు.

శనివారం సాయంత్రం 7 గంటలకు మార్చి చూశాము. ఇద్దరే వచ్చారు, అదీ రెండు వారాలే. తరువాత నెల రోజులు రాత్రి 10.30కు ఫోనులో కలుసుకున్నాము. ఇంట్లోవారు లేస్తారని మైకు ఆపుకొని వింటూనే చాలామంది నిద్రలోకి జారుకునేవారు (ఐదింటికి లేచినవారిని తప్పు పట్టలేము). వాక్యాన్ని రికార్డు చేసి పంపితే వింటున్నారు గానీ, తమ ప్రార్థన విన్నపాలు చెప్పుకొనే వీలు లేదని ఒక అక్క బాధపడ్డారు. సెలవు కోసం యజమానులతో మేము మాట్లాడితే వారి ఉద్యోగానికే ముప్పు కావచ్చని ఆ దారి విడిచిపెట్టాము.

గల్ఫ్‌లో ఇటువంటి సహవాసాన్ని నడుపుతున్నవారు, వారానికి ఒక్కసారైనా అందరూ కలిసి ప్రార్థించడానికి ఏ వేళను, ఏ పద్ధతిని పాటిస్తున్నారో దయచేసి తెలుపగలరా?