గాలివానకు దెబ్బతిన్న ఆక్వాపోనిక్స్: నీళ్ళన్నీ పారబోయాలా?

ప్రశ్న:
గాలివానకు మా చిన్న ఆక్వాపోనిక్స్ క్షేత్రం (చేపల తొట్టి నీటితోనే మొక్కలు పెంచేది) బాగా దెబ్బతింది. పందిరి మీది ప్లాస్టిక్ పట్టా చిరిగిపోయింది. రాత్రంతా కరెంటు లేదు. తెల్లవారేసరికి తిలాపియా చేపల్లో పావు వంతు చచ్చి తేలాయి. మిగిలినవి నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. వెయ్యి లీటర్ల తొట్టి వాననీటితో పొంగిపొర్లింది. గులకరాళ్ళ మడుల్లోకి బురద చేరింది, ఒక మూల కుళ్ళిన గుడ్ల వాసన వస్తోంది. పాలకూర చాలావరకు నేలకొరిగింది. అంతా ఖాళీ చేసి, రాళ్ళు శుభ్రంగా కడిగి, కొత్త నీటితో మొదలుపెట్టమని ఇంట్లోవాళ్ళు అంటున్నారు. అదే మేలంటారా?

జవాబు:
వద్దండి. చేపలు విసర్జించే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన మొక్కలు వాడుకునే నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఆ రాళ్ళకు పట్టిన జిగురు పొరలోనే ఉంటుంది. కడిగేస్తే అది మళ్ళీ స్థిరపడడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్ళూ బతికిన చేపలను ఎక్కడ ఉంచుతారు?

ముందు చేపల నీటికి గాలి అందే సంగతి చూడండి. తడిసిన స్విచ్ బోర్డును తెలిసినవారు పరీక్షించేదాకా ముట్టుకోకండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఉంటే పెట్టండి. అదీ లేకపోతే బకెట్‌తో నీరు తోడి ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పోస్తూ ఉండండి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. చచ్చిన చేపలను వెంటనే తీసేయండి. మేత పూర్తిగా ఆపేయండి. ఎదిగిన చేపలు కొన్ని రోజులు పస్తున్నా వాటికేమీ కాదు, వేసిన మేత మాత్రం అమ్మోనియాగా మారి వాటి మీదికే వస్తుంది.

వాసన వచ్చే మూలతో జాగ్రత్త. అక్కడ ఆక్సిజన్ అందక హైడ్రోజన్ సల్ఫైడ్ తయారైంది, అది చేపలకు పరమ విషం. మడి నుంచి తొట్టికి వెళ్ళే గొట్టాన్ని మూసేశాకే ఆ రాళ్ళను కదపండి. వాటిని బయటకు తీసి, తొట్టి నీటితోనే జాడించి, ఆ మురికినీరు పారబోయండి. మిగతా మడుల్లో పైన పేరుకున్న బురదను చేత్తో ఎత్తేస్తే చాలు. నీటి పరీక్ష చేసి అంకెలు ఇక్కడ పెట్టండి.

మరొకరు:
అంత వాననీరు కలిసిందంటే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత; తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) పడిపోయే ఉంటుంది. రెండు గుప్పిళ్ళ సున్నం వేయండి, దారికి వస్తుంది.

అడిగినవారు:
మీరన్నట్టే పడిపోయింది. పీహెచ్ 6, అమ్మోనియా లీటరుకు 4 మిల్లీగ్రాములు, నైట్రైట్ 1 మిల్లీగ్రాము, నీటి వేడి 27 డిగ్రీలు. సున్నం వేసేయనా?

జవాబు:
ఆగండి, ఆగండి! వాననీటిలో క్షారత, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం, దాదాపు ఉండదు, ఉన్న కాస్తనూ బాక్టీరియా తన పనిలో ఖర్చు చేసేస్తుంది. అందుకే పీహెచ్ పడింది. పడేసరికి బాక్టీరియా మందగించి అమ్మోనియా పోగుపడింది. ఇంతవరకు పై మిత్రుడి మాట నిజమే.

అయితే నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. నీటి పరీక్ష కిట్ ఆ రెండింటినీ కలిపి చూపిస్తుంది. చేపలను ప్రధానంగా చంపేది అయాన్‌గా (విద్యుదావేశం ఉన్న కణంగా) మారని రూపం. పీహెచ్ 6 దగ్గర మీ 4 మిల్లీగ్రాముల్లో అది ఆవగింజంత. అదే నీటిని సున్నంతో ఒక్కసారిగా 8కి లేపారనుకోండి, ఆ విషపు వాటా సుమారు వంద రెట్లవుతుంది. అంటే ప్రస్తుతానికి ఆ తక్కువ పీహెచే మీ చేపలను కాస్తోంది.

కాబట్టి ముందు అమ్మోనియా తగ్గాలి. మూడో వంతు నీటిని ఒకేసారి కాకుండా విడతలుగా మార్చండి, కొత్త నీటి పీహెచ్ కూడా చూసుకోండి. కుళాయి నీరైతే ఒక రోజంతా గాలి కొట్టించి వాడండి, క్లోరిన్ పోతుంది. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపే చోట ఈ పద్ధతి పనిచేయదు, యాక్టివేటెడ్ కార్బన్ వడపోత కావాలి. అమ్మోనియా 1 లోపుకు వచ్చాక పొటాషియం బైకార్బనేట్‌ను నీటిలో కరిగించి కొద్దికొద్దిగా పోయండి. పీహెచ్‌ను రోజుకు 0.2 లేదా 0.3 మించకుండా పెంచుతూ 6.8 దాకా తీసుకురండి. అది మొక్కలకు పొటాషియం కూడా ఇస్తుంది.

నైట్రైట్‌కు లీటరుకు ఒక గ్రాము ఉప్పు వేయవచ్చు. అందులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డుపడుతుంది. మడుల్లో స్ట్రాబెర్రీ, చిక్కుడు లాంటివి ఉంటే మాత్రం వద్దు, అవి ఉప్పును ఓర్చుకోలేవు.

మరొకరు:
ఒరిగిన పాలకూరను పీకేయకండి. చిరిగిన ఆకులు కోసేసి వేళ్ళను అలాగే ఉంచండి. చిగురిస్తే అవే అమ్మోనియాను, నైట్రేట్‌ను లాక్కుంటాయి. బయటి వరదనీరు తగిలిన ఆకును మాత్రం తినకండి. పట్టా వేసేదాకా తొట్టి మీద నీడ ఉండేలా చూడండి, లేకపోతే ఎండకు నాచు కమ్మేస్తుంది.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నీరు మార్చడం మొదలుపెట్టాను. ఇంకొక్క సందేహం. మేత బస్తా అడుగున తడిసింది. ఎండబెట్టి తర్వాత వాడుకోవచ్చా?

జవాబు:
బూజు పట్టిందంటే బస్తా మొత్తం పారేయండి. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండబెట్టినా పోదు, చేపల కాలేయాన్ని పాడుచేస్తుంది. మేత ఎటూ ఇప్పుడే అక్కరలేదు కదా. వరుసగా కొన్ని రోజులు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దగ్గరగా కనిపించాక, మామూలుగా వేసేదానిలో నాలుగో వంతుతో మొదలుపెట్టండి. మర్నాడు మళ్ళీ పరీక్షించి, అంకె కదలకపోతేనే పెంచండి.