‘సనదు లేని చదువు నిచ్చెన లేని...’ ఆ తర్వాత ఏమిటి?

చేతిరాత:
వారం రోజులుగా ఒక మాట నోట్లో నానుతోంది, పూర్తిగా బయటికి రావడం లేదు. ‘సనదు లేని చదువు నిచ్చెన లేని...’ చివరిది మిద్దెనా, మేడనా, వేరే ఏదైనానా?

నేను నగరంలో ఒక గ్రంథాలయంలో పాత కార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నాను. చేరిన కొత్తలో అక్కడ ఒక పెద్దాయన ఉండేవారు. అరబీ, ఫార్సీ పుస్తకాల కేటలాగంతా ఆయన చేతి మీదే నడిచేది. ఇంట్లో ఉర్దూ, మాతో చక్కటి తెలుగు. అందరం మౌల్వీ సాబ్ అనేవాళ్లం. నేను అట్ట మీద పేరు చూసి రచయిత గడి నింపేస్తుంటే వెనక నిలబడి ఈ మాట అనేవారు. తర్వాత ఆయనే అట్ట తిప్పి, లోపలి పేజీ తెరిచి, చూడమ్మా అనేవారు. ఇప్పుడు ఆయన లేరు.

మొన్న ఒక కార్డు వెనక ఆయన రాత కనపడింది. ఆ రాతప్రతి ఎవరి నుంచి ఎవరికి, అక్కడి నుంచి మా దగ్గరికి ఎలా వచ్చిందో మూడు పేర్లు వరసగా రాసి పెట్టారు. నా ముందున్న కొత్త ఫారంలో ఆ మూడు పేర్లకు గడి లేదు. ఆ రోజు నుంచి ఈ మాట వెంటపడింది. మీలో ఎవరైనా విన్నారా?

పాత కాగితం:
మేడం, అది సనదు కాదు, సన్నదు. ఇనాం భూముల కాగితాల మధ్య ఉద్యోగమంతా గడిచింది నాకు. నేను చూసిన తెలుగు దస్తావేజుల్లో ఎక్కువగా నకారం ఒత్తుతోనే ఉంది. సర్కారు ముద్ర వేసి ఇచ్చే పత్రం అది. కాబట్టి అర్థం సూటిగానే ఉంది: పట్టా చేతికి రాని చదువు ఎక్కడికీ ఎక్కించదు. చివరి మాట మేడ అయి ఉంటుంది, ఉద్యోగం, హోదా అనే అర్థంలో.

ఉర్దూ గల్లీ:
అన్నా, పత్రం అనే అర్థం ఉంది, కాదనను. మా ఇంట్లో ఇప్పటికీ సర్టిఫికెట్‌ను సనద్ అనే అంటాం. కానీ ఆ పెద్దాయన ఆ మాట ఎక్కడ నిలబడి అన్నారో చూడండి. కేటలాగు రాస్తున్న అమ్మాయి వెనక నిలబడి డిగ్రీ గురించి ఎందుకు మాట్లాడతారు?

హదీసు చదివినవాళ్లకు సనద్ అంటే వేరు. ప్రవక్త (స) మాట ఒకటి మన దాకా వచ్చిందంటే, ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వాళ్లు ఎవరి దగ్గర విన్నారు అని వెనక్కి వెళ్లే పేర్ల వరస అది. మాటను మతన్ అంటారు, వరసను సనద్ అంటారు. 797లో చనిపోయిన అబ్దుల్లా ఇబ్నుల్ ముబారక్ మాట ఒకటి ఇమామ్ ముస్లిం తన హదీసు సంకలనం సహీహ్ ముందుమాటలో ఎక్కించారు: ఇస్నాద్, అంటే వరస చెప్పడం, దీన్‌లో (ధర్మంలో) భాగం, అదే లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు అని. ఆయన పేరుతోనే ఇంకో మాట కూడా ఉంది. ఇస్నాద్ లేకుండా దీన్‌ను వెతికేవాడు నిచ్చెన లేకుండా మిద్దె ఎక్కేవాడిలాంటివాడు అని. అరబీలో అక్కడ ఉన్న పదం సతహ్, ఇంటి పైకప్పు. మన మిద్దె సరిగ్గా అదే. మౌల్వీ సాబ్ దాన్ని తెలుగు చేసుకుని చెప్పి ఉంటారని నా నమ్మకం.

నిఘంటువు పురుగు:
గల్లీ భాయ్ చెప్పింది బాగుంది, దానికి వేరు కూడా చూపిస్తాను. స-న-ద అనే అరబీ ధాతువుకు ఆనుకోవడం, ఆసరా అని అర్థం. నవాబు వెన్ను ఆనించి కూర్చునే మస్నద్ కూడా ఆ ధాతువుదే. కాబట్టి పాత కాగితం గారి పత్రమూ, హదీసు వరసా రెండూ ఒక తల్లి బిడ్డలే. ఒకటి హక్కుకు ఆసరా, ఇంకొకటి మాటకు ఆసరా.

ఒత్తు సంగతి మాత్రం వేరు. హక్కు, హద్దు, రద్దు అనే మాటల్లో ఒత్తు అరబీలోనే ఉంది, మనం పెట్టింది కాదు. సనద్‌లో లేదు. ఒత్తు మన దగ్గర మొలిచిందే.

పాత కాగితం:
మన దగ్గర మొలిస్తే అది మనదే కదా పురుగు గారూ. జిల్లాకు అరబీలో ఒత్తు ఉందా? లేదు. జిలా అని రాస్తారా ఇప్పుడు? కంపెనీ కాలపు ఇంగ్లీషు కాగితాల్లో కూడా ఈ మాటను రెండు ‘ఎన్’లతో సన్నడ్ అనే రాశారు. గుమాస్తాలు ఏది విన్నారో అదే రాశారు. తెలుగు నోట సన్నదు అనే పలికారని నా సిద్ధాంతం.

కందం:
పాత కాగితం గారికి ఛందస్సు కూడా తోడు వస్తుంది. మాత్రలు లెక్క వేయండి. ‘సన్నదు లేని చదువు’: నాలుగు, మూడు, మూడు. ‘నిచ్చెన లేని మిద్దె’: నాలుగు, మూడు, మూడు. సన్నదుకు నిచ్చెన గురువు, లఘువు, లఘువు అని అచ్చంగా సరితూగింది. ‘సనదు’ అంటే మొదటి సగం ఒక మాత్ర కుంటుతుంది. నోట నిలిచే మాట ఇలా కుంటదు. నా ఓటు సన్నదుకే.

చేతిరాత:
కందం గారూ, మేడ అన్నా మూడు మాత్రలే. మరి చివరి మాట ఎలా తేలుతుంది?

కందం:
ఛందస్సుతో తేలదు. ఒప్పుకుంటున్నాను.

ఉర్దూ గల్లీ:
ఒక అక్షరం మీద ఇంత వాదనా అని ఎవరూ అనుకోవద్దు. ఇమామ్ ముస్లిం తన ముందుమాటలో చాలా పేజీలు ‘అన్’ అనే ఒక్క మాట మీద ఖర్చు పెట్టారు. ‘హద్దసనా’ అంటే మాకు చెప్పాడు, నేరుగా విన్నట్టు. ‘అఖ్బరనా’ అంటే మాకు ఖబర్ ఇచ్చాడు, మన కబురు ఆ ధాతువు నుంచి వచ్చిందే. ‘అన్’ అంటే ఫలానావారి నుంచి, అంతే. నేరుగా విన్నాడా, మధ్యలో ఎవరైనా ఉన్నారా ఆ మాట చెప్పదు. ఇద్దరూ ఒకే కాలంలో ఉండి, కలిసే వీలుంటే చాలా, లేక నిజంగా కలిసినట్టు తెలియాలా? కాలం, వీలు చాలు అన్నారు ముస్లిం. కలిసినట్టు తెలియాల్సిందే అన్నవాళ్లలో ఇంకో పెద్ద హదీసు సంకలనకర్త బుఖారీ పేరు చెబుతారు.

దీని వెనక ఉన్నది జ్ఞానం అంటే ఏమిటన్న ప్రశ్నే. ఎన్నో వరసల్లో, అందరూ కలిసి అబద్ధం ఆడారనుకోలేనంతమంది నుంచి వస్తే అది ముతవాతిర్, దాని నుంచి యకీన్, అంటే సందేహం లేని నమ్మకం, కలుగుతుంది. ఒకటి రెండు వరసల్లో వచ్చింది ఆహాద్, దాని నుంచి కలిగేది జన్న్, బలమైన ఊహ అని ఉసూల్ (ధర్మశాస్త్ర మూలసూత్రాల) పండితుల్లో చాలామంది మాట. జన్న్ మీద కూడా నడుచుకోవచ్చు, కానీ దాన్ని యకీన్ అని పిలవకూడదు. తెలిసినదానికి, ఎంత గట్టిగా తెలిసిందన్న కొలత కూడా పక్కనే రాసి పెట్టుకున్నారు. నాకు ఇష్టమైంది ఈ నిజాయితీయే.

కందం:
గల్లీ భాయ్, మీ ‘అన్’కు మన భాషలో జోడీ ఉంది, అది ‘అట’. పోతన మొదట్లోనే ఏమన్నాడు? భాగవతమట, రామభద్రుండట, భవహరమగునట. ఒక పద్యంలో మూడు అటలు. తను చూశానని గానీ తనకు తెలుసని గానీ అనలేదు. అది వినయం అని మా మాస్టారు చెప్పేవారు. నాకు మాత్రం ఇప్పుడు మీ సనద్ గుర్తొస్తోంది. నేను విన్నాను, చెబుతున్నాను, మూలం నాది కాదు అని.

అన్నట్టు ఆ పద్యం ఇప్పుడు ‘పలికించెడి విభుండు’ అని తిరుగుతోంది. దయచేసి అలా రాయకండి. చెడివిభుం అంటే ఐదు మాత్రలు, కందంలో గణానికి నాలుగే, పనికిరాదు. ‘పలికించెడివాఁడు’ అనాలి, లేదా ‘పలికించు విభుండు’ అనాలి. రెండు పాఠాలు కలిసిపోయి మూడో తప్పు పుట్టింది.

నిఘంటువు పురుగు:
ఆ రెండూ గణాలకు సరిపోతాయి. మరి పోతన నోట వచ్చింది ఏది?

కందం:
నాకు ‘వాఁడు’ ఇష్టం. రాముణ్ని వాడు అనగలిగే చనువు పోతనకే చెల్లింది.

నిఘంటువు పురుగు:
ఇష్టం పాఠాంతరాన్ని తేల్చదండీ. ఏ ప్రతిలో ఏముంది, ఆ ప్రతి దేన్ని చూసి రాసింది అన్నది కావాలి.

ఉర్దూ గల్లీ:
అంటే సనద్ కావాలి.

చేతిరాత:
అసలు ప్రశ్న పక్కకు పోయినా నాకేం బాధ లేదు, నేను అడగాలనుకున్నదాని దగ్గరికే వచ్చారు. భాగవతం కార్డే తీసుకోండి. పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, ఏకాదశ, ద్వాదశాలు నారయవి. మేము ఎక్కిస్తున్న ఒక పాత కార్డు మీద పోతన ఒక్కడే ఉన్నాడు. 1978 నాటి ఇంగ్లీషు కేటలాగు నియమాల్లో మూడు పేర్ల హద్దు ఒకటి ఉండేది. ఒకే తరహా బాధ్యత ఉన్నవాళ్లు ముగ్గురు దాటితే మొదటి పేరు రాసి ‘తదితరులు’ అనేయడమే. కార్డు మీద చోటు తక్కువ, ఆ ఇబ్బంది అర్థమవుతుంది. మన కవులు నలుగురు. ఒక్కరు ఎక్కువై ముగ్గురు మాయమవుతారు. 2010లో వచ్చిన కొత్త కేటలాగు నియమావళి ఆర్‌డీఏ ఆ హద్దు తీసేసింది, అందరి పేర్లూ రాయొచ్చు. కంప్యూటర్‌లో చోటుకు కరువు లేదు. అయినా పాత కార్డును చూసి కొత్త రికార్డు టైపు చేస్తే, చోటు లేని రోజుల్లో పోయిన పేర్లు చోటు ఉన్న రోజుల్లో కూడా పోయినట్టే. ఎవరో ఒకరు, కవి తన పేరు చెప్పుకునే స్కంధం చివరి గద్య తెరిచి చూడాలి. మౌల్వీ సాబ్ నాతో చేయించింది ఆ పనే.

కంప్యూటర్ కేటలాగు రికార్డుకు వాడే మార్క్ పద్ధతిలో 245 గడిలో పుస్తకం పేరు, దాని పక్కన పుస్తకం తన గురించి తాను చెప్పుకున్న కర్తృత్వం ఉన్నది ఉన్నట్టు రాస్తాం. 700లో మిగిలినవాళ్లు. ప్రతి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో రాయడానికి 561 ఉంది. అంటే సనదుకు గడి ఉంది. మాకు ఇచ్చిన ఫారంలో దాన్ని చూపించకుండా దాచేశారు, అంతే. నిన్న అడిగి తెరిపించుకున్నాను. మూడు పేర్లూ ఎక్కించాను.

వెతుకులాటలో ఇంకో బాధ. అరసున్నతో ‘అఁట’ అని ఎక్కించింది ‘అట’ అని వెతికితే మా సాఫ్ట్‌వేర్‌లో దొరకదు. ‘వేఱు’ వేరు, ‘వేరు’ వేరు. రేపు ఎవరైనా సనదు అని వెతికితే సన్నదు రాదు. అందుకే నాకు మీ ఒత్తు గొడవ చిన్నదిగా అనిపించలేదు.

ఉర్దూ గల్లీ:
అక్కా, పేర్ల గొడవ మీకు కొత్త కావచ్చు, హదీసు చెప్పిన మనుషుల వివరాలు తేల్చే రిజాల్ పండితులకు వెయ్యేళ్ల పాతది. 1071లో పోయిన ఖతీబ్ బగ్దాదీ ఒక్క పేరే ఉన్న వేరు వేరు మనుషుల మీద విడిగా పుస్తకం రాశారు. అరబీ అక్షరాల చుక్కలు లేకుండా రాస్తే ఒకేలా కనిపించి, పలికితే మారిపోయే పేర్ల మీద కూడా పుస్తకాలున్నాయి. ఈ మనిషి ఆ మనిషేనా అని తేల్చకుండా వరస నమ్మలేం కదా.

ఆ పుస్తకాలలో పెద్దవి కొన్ని మన ఊళ్లోనే అచ్చయ్యాయి. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ ఇప్పుడు ఉస్మానియా ఆవరణలో ఉంది. హదీసు చెప్పినవాళ్లలో ఎవరు నమ్మదగినవాళ్లు, ఎవరి జ్ఞాపకం బలహీనం అని రాసిన ఇబ్న్ హజర్ తహ్జీబుత్ తహ్జీబ్ 12 సంపుటాలు అక్కడే హిజ్రీ 1325–1327లో అచ్చు వేశారు. అరబ్బు దేశాల పండితుల పుస్తకాల్లో అడుగున ‘హైదరాబాద్’ అని కనపడినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

నిఘంటువు పురుగు:
పేర్లంటే మన మల్కిభరాముణ్ని మరవకూడదు. మల్కి, ఇభరాముడు కలిసి మల్కిభరాముడు. తపతీ సంవరణోపాఖ్యానం అంకితం తీసుకున్న ఇబ్రహీం కుతుబ్‌షానే. ‘మల్కిభ’ దగ్గర విరిచి రాముడు అని చదివేవాళ్లను నేనే చూశాను. చేతిరాత గారూ, ఆ పేర్లన్నీ ఒకే మనిషి కింద కలుపుతున్నారా?

చేతిరాత:
కలుపుతున్నాం. అధికార నామం ఒకటి, మిగిలిన పేర్లతో వెతికినా ‘చూడుడు’ అని దాని దగ్గరికే పంపిస్తాం.

పాత కాగితం:
బాగుంది. ఇన్ని చెప్పారు, మాట మాత్రం సన్నదే. మాత్రలు కూడా ఒప్పుకున్నాయి.

యాకుత్‌పురా:
ఆలస్యంగా చూశాను, క్షమించాలి. మా ఇంట్లో ఈ మాట ఉంది. కానీ చదువు కాదు. ‘సనదు లేని కబురు నిచ్చెన లేని మిద్దె’. పెళ్లి సంబంధాల కబుర్లు ఎవరైనా మోసుకొస్తే మా నాన్న అనేవారు.

కందం:
కబురు కూడా మూడు లఘువులే! చదువు ఉన్న చోట అచ్చంగా కూర్చుంటుంది. మాత్రలు మళ్లీ ఏమీ తేల్చలేదు.

ఉర్దూ గల్లీ:
కబురు అయితే ఖబర్. హదీసు వాళ్ల మాట అదే. నాకు ఇదే అసలుదనిపిస్తోంది. భాయ్, మీ నాన్నగారు ఎవరి దగ్గర విన్నారు?

యాకుత్‌పురా:
నేను అడగలేదండీ. ఇప్పుడు అడగడానికి ఆయన లేరు.

చేతిరాత:
ఒత్తు గుర్తుందా మీకు? సనదా, సన్నదా?

యాకుత్‌పురా:
నా చెవిలో ఒత్తు లేదు. కానీ నేను చిన్నవాణ్ని. మా మేనత్త ఉంది, నాన్నకంటే పెద్దది. వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. ఆదివారం వెళ్లి అడుగుతాను.

కందం:
మాట మీరు అందించకుండా అడగండి. ఆవిడ నోటితోనే మొత్తం రానివ్వండి. చివరి మాట కూడా.